తరగతి గోడ మీద పది ఆజ్ఞలు: టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో మన పిల్లలు

నందివర్ధనం (డాలస్) – 2025 సెప్టెంబరు 9

సభ్యులకు నమస్కారం. మేము డాలస్ నగరానికి ఉత్తరాన ఉంటాం. మా అబ్బాయి ఇక్కడి ప్రభుత్వ బడిలో ఐదో తరగతి చదువుతున్నాడు. పోయిన గురువారం సాయంత్రం ఇంటికి వచ్చి, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా, మన పూజగదిలోని వెంకటేశ్వరస్వామి విగ్రహం ‘గ్రేవెన్ ఇమేజ్’ అవుతుందా అని అడిగాడు. ఆ మాట ఎక్కడ చదివావని అడిగితే, తన బల్లకు ఎదురుగా, బోర్డు పక్కన కొత్తగా ఒక పెద్ద కాగితం పెట్టారని, దేవుడి బొమ్మలు చేసుకోకూడదని అందులో మొదట్లోనే ఉందని చెప్పాడు. ఉపాధ్యాయురాలు దాని గురించి ఏమీ చెప్పలేదట. ఎవరూ ఏమీ చెప్పకుండానే రోజంతా తల ఎత్తినప్పుడల్లా అదే కనబడుతోందట.

తెలియని వారి కోసం వివరం రాస్తున్నాను. టెక్సాస్ శాసనసభ ఈ ఏడాది చేసిన సెనేట్ బిల్లు 10 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాల ప్రతి తరగతి గదిలోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న, బైబిలులోని పది ఆజ్ఞల పత్రాన్ని, గదిలో ఏ మూల కూర్చున్నవారైనా చదవగలిగేటంత అక్షరాలతో, కనబడే చోట పెట్టాలి. పత్రం లేని బడికి ఎవరైనా దానంగా ఇస్తే తీసుకుని తీరాలి. ఆగస్టు 20న శాన్ ఆంటోనియోలోని ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రెడ్ బియరీ 11 స్కూలు డిస్ట్రిక్టులలో (ఒక్కో స్థానిక బోర్డు కింద నడిచే బడుల సముదాయాలలో) దీన్ని నిలిపివేశారు. ఆస్టిన్, హ్యూస్టన్, ప్లేనో ఆ జాబితాలో ఉన్నాయి. మా డిస్ట్రిక్టు లేదు.

నన్ను తొలుస్తున్న సంగతి ఒకటుంది. నేను గుంటూరులో కాన్వెంటు బడిలో పదేళ్లు చదివాను. ప్రతి గదిలో సిలువ ఉండేది, ప్రార్థన ఉండేది, మేరీమాత బొమ్మ ముందు మేమందరం పూలు పెట్టేవాళ్లం. మా నాన్నగారికి గానీ నాకు గానీ అది ఏనాడూ బాధ అనిపించలేదు. ఇప్పుడు ఒక్క కాగితం చూసి నాకెందుకింత కలవరం? ఇది న్యాయమైన అభ్యంతరమా, లేక పరాయి దేశంలో పిల్లవాణ్ని పెంచుతున్న తల్లి భయమా? ఆలోచించి చెప్పగలరు.

న్యాయపథం (ఆస్టిన్) – 2025 సెప్టెంబరు 9

నందివర్ధనం గారూ, మీ రెండు అనుభవాలకూ మధ్య ఉన్న తేడా మీ ప్రశ్నలోనే ఉంది. ఆ కాన్వెంటును మీ నాన్నగారు ఎంచుకున్నారు. అక్కడ సిలువ ఉంటుందని తెలిసే ఫీజు కట్టారు, ఇష్టం లేకపోతే ఇంకో బడిలో వేసేవారు. ఇక్కడ మీ అబ్బాయిని బడికి పంపడం చట్టం విధించిన బాధ్యత, ఆ బడి మీరు కట్టే ఇంటి పన్నుతో నడుస్తుంది, ఆ కాగితాన్ని అక్కడ పెట్టించింది శాసనసభ. క్రైస్తవ సంస్థ తన బడిలో సిలువ పెట్టుకోవడం ఆ సంస్థ మతస్వేచ్ఛ. ప్రభుత్వం తన బడిలో ఒక మతగ్రంథ వాక్యాలను పెట్టించడం ప్రభుత్వం చేసే మతప్రకటన. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ మొదటిదానిని కాపాడుతుంది, రెండోదానిని నిషేధిస్తుంది.

ఇది కొత్త వివాదం కాదు. 1978లో కెంటకీ రాష్ట్రం అచ్చం ఇలాంటి చట్టమే చేసింది. పత్రాలు విరాళాలతోనే కొన్నారు, అడుగున చిన్న అక్షరాలలో ఇవి పాశ్చాత్య న్యాయానికి మూలమని ఒక వాక్యం కూడా చేర్చారు. 1980 నవంబరులో స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. చంపవద్దు, దొంగిలించవద్దు అన్నవి లోకనీతి అయినా, వేరే దేవుణ్ని కొలవవద్దు, విగ్రహాలు చేసుకోవద్దు, విశ్రాంతిదినాన్ని పవిత్రంగా పాటించు అన్నవి పూర్తిగా ఆరాధనకు సంబంధించిన విధులని కోర్టు గుర్తించింది. గోడ మీది పత్రానికి ఏ ప్రభావమైనా ఉంటే, అది పిల్లలు ఆ మాటలను చదివి, మననం చేసి, బహుశా భక్తితో పాటించేటట్టు చేయడమే అవుతుందని కూడా రాసింది. మీ అబ్బాయి చదివాడు, మననం చేశాడు, ఇంటికి వచ్చి పూజగది వైపు చూశాడు. కోర్టు 45 ఏళ్ల క్రితం ఊహించినది మీ ఇంట్లో జరిగింది.

లూసియానా 2024 జూన్‌లో ఇటువంటి చట్టమే చేస్తే, ఈ ఏడాది జూన్ 20న ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. టెక్సాస్ కూడా ఆ సర్క్యూట్ కిందికే వస్తుంది. ఇక్కడ కోర్టుకు వెళ్లిన 16 కుటుంబాలలో యూదులు, క్రైస్తవులు, ఏ మతమూ లేనివారితో పాటు హిందువులు కూడా ఉన్నారు.

తొలకరి (హ్యూస్టన్) – 2025 సెప్టెంబరు 10

గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేనూ హిందువునే, నాకూ ఇద్దరు పిల్లలు ఇక్కడి ప్రభుత్వ బడులలోనే చదువుతున్నారు. తల్లిదండ్రులను గౌరవించు, అబద్ధసాక్ష్యం పలకకు, పరుల సొత్తును ఆశించకు అన్న మాటలు గోడ మీద ఉంటే నా పిల్లలకు కలిగే నష్టం నాకు కనబడడం లేదు. మన ఇళ్లలో పెద్దలు చెప్పేవీ అవే. ఈ దేశం ఏ విశ్వాసాల మీద పెరిగిందో పిల్లలకు తెలియడం తప్పు ఎలా అవుతుంది? ఆ కాగితం ఎవరినీ మోకరిల్లమనడం లేదు, ఎవరి చేతా చదివించడం లేదు.

ఇటలీలో తరగతి గదుల్లోని సిలువ మీద ఒక తల్లి యూరోపు మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్తే, 2009లో ఆమెకు అనుకూలంగా వచ్చిన తీర్పును 2011 మార్చిలో పెద్ద ధర్మాసనం 15–2 తేడాతో మార్చింది. గోడ మీది సిలువ మౌనంగా ఉండే చిహ్నమే కానీ బోధన కాదని అన్నది. అక్కడ యూరోపులో చెల్లినది ఇక్కడ ఎందుకు చెల్లకూడదు? పైగా మనం ఈ దేశానికి వచ్చి స్థిరపడినవాళ్లం. ఇంటివారి గోడ మీద ఏముండాలో వచ్చిన చుట్టం చెప్పడం మర్యాదగా ఉంటుందా అని నా సంకోచం.

గుండ్లకమ్మ (ఫోర్ట్ వర్త్) – 2025 సెప్టెంబరు 10

తొలకరి గారూ, ఆ ఇల్లు నాది కూడా అనుకునే క్రైస్తవుణ్ని కాబట్టి మీకు జవాబు చెప్పే బాధ్యత నాకుంది. మాది ఒంగోలు దగ్గరి పల్లె. మా ముత్తాతకు తాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఒకరని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ పని నడిపించిన జాన్ క్లౌ గారు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. అంతకు ముందు నెల్లూరులో ఏళ్ల తరబడి ఫలితం కనబడక, ఈ తెలుగు మిషన్‌ను ఎత్తివేయాలా అన్న చర్చ 1853లో అమెరికాలో వచ్చినప్పుడు, పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న ఆ మిషన్‌ను ‘లోన్ స్టార్’ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ ఒంటి చుక్క సంతానమైన నేను లోన్ స్టార్ రాష్ట్రమనే పేరున్న టెక్సాస్‌లో ఉండి ఈ మాటలు రాస్తున్నాను.

మతాన్నీ రాజ్యాన్నీ వేరుగా ఉంచాలని ఈ గడ్డ మీద మొదట గొంతెత్తినవారు నాస్తికులు కారు, మా బాప్టిస్టులే. మసాచుసెట్స్ నుంచి బహిష్కృతుడై 1636లో ప్రావిడెన్స్‌ను స్థాపించిన రోజర్ విలియమ్స్, సంఘమనే (అంటే చర్చి అనే) తోటకూ లోకమనే అడవికీ మధ్య గోడ ఉండాలని 1644లోనే రాశాడు. అడవి నుంచి తోటను కాపాడడం కోసమే ఆయన ఆ గోడ అడిగాడన్నది గమనించండి. వర్జీనియాలో అనుమతిపత్రం లేకుండా బోధించారని మా బోధకులను జైళ్లలో పెట్టారు. కనెక్టికట్‌లో ప్రభుత్వ సంఘం వేరొకటి ఉండగా, అల్పసంఖ్యాకులైన డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు మొర పెట్టుకుంటే, ఆయన 1802 జనవరి 1న ఇచ్చిన జవాబులోనే ‘సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ’ అన్న మాట వచ్చింది. ఈరోజు కోర్టులు వాదించుకునే ఆ మాట బాప్టిస్టుల ఉత్తరానికి వచ్చిన ప్రత్యుత్తరం.

ఇంకొకటి. ఏ పది ఆజ్ఞలు? యూదులు లెక్కించే తీరు ఒకటి, కాథలిక్కులూ లూథరన్లూ లెక్కించే తీరు ఒకటి, మాది ఇంకొకటి. ‘నేనే నీ దేవుడనైన ప్రభువును’ అన్న వాక్యమే యూదులకు మొదటిది. విగ్రహాల మాటను కాథలిక్కులు మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశించకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా విడదీస్తారు. టెక్సాస్ చట్టంలోని పాఠం కింగ్ జేమ్స్ బైబిలు భాషను కుదించి రాసినది, అంటే ప్రొటెస్టెంటు ఒరవడిది. కాథలిక్కు పిల్లలకు ఏ బైబిలు చదివి వినిపించాలన్న తగవు 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లుగా మారి, చర్చిలు తగలబడి, మనుషులు చనిపోయారు. అందరూ క్రైస్తవులే ఉన్న ఊరిలోనే ప్రభుత్వ బడికి ఒక పాఠం ఎంచడం నెత్తురుతో ముగిసింది.

సీనాయి కొండ మీద దేవుడు ఇచ్చాడని నేను నమ్మే మాటలను అగ్నిమాపక సూచనల పక్కన వేలాడదీసి, ఇది మతం కాదు, చరిత్ర మాత్రమేనని కోర్టులో ప్రభుత్వ న్యాయవాది చెబుతుంటే నా మనసుకు కష్టంగా ఉంటుంది. అవి నాకు చరిత్ర కావు. నా పిల్లలకు వాటిని నేనూ మా సంఘమూ నేర్పుతాం.

విశాఖ కెరటం (ఇర్వింగ్) – 2025 సెప్టెంబరు 10

నాదొక సూచన. తీసేయమని అడగడం కన్నా, మన భగవద్గీత శ్లోకం కూడా పక్కన పెట్టమని మన సంఘాలన్నీ కలిసి అడిగితే బాగుంటుంది. కర్మణ్యేవాధికారస్తే అన్న శ్లోకానికి ఎవరు అభ్యంతరం చెబుతారు? పత్రాల ఖర్చు మనమే భరిద్దాం.

న్యాయపథం (ఆస్టిన్) – 2025 సెప్టెంబరు 10

విశాఖ కెరటం గారూ, చట్టం ఒక్క పాఠాన్నే నిర్దేశించింది. దానం తప్పనిసరిగా పుచ్చుకోవాలన్న నియమం ఆ పాఠానికే వర్తిస్తుంది, గీతకు కాదు. ఒకవేళ ఏ బోర్డైనా ఒప్పుకున్నా, ఖురాన్ నుంచి, గురుగ్రంథ సాహిబ్ నుంచి, ఏ దేవుడూ లేడనే వారి నుంచి కూడా పత్రాలు వస్తాయి, రావాలి కూడా. అప్పుడు ఎవరిది ఎంత పెద్దగా ఎక్కడ ఉండాలో ఎన్నికైన బోర్డు సభ్యులు ఓటు వేసి తేలుస్తారు. మన గీత మర్యాద వాళ్ల ఓట్ల లెక్కలో తేలడం నాకు సమ్మతం కాదు.

పలనాటి మాస్టారు (నరసరావుపేట) – 2025 సెప్టెంబరు 11

అమ్మా నందివర్ధనం, నేను 26 ఏళ్లుగా ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను, ఎందుకంటే అది చదువుతుంటే నాకు మా బడే కనబడింది.

మా బడి వరండాలో సరస్వతీదేవి పటం ఉంది. నేను చేరేనాటికే ఉంది. ఉదయం ప్రార్థనలో ‘యా కుందేందు’ పాడతాం. శుక్రవారం పటానికి పూలదండ, దసరా సెలవులకు ముందు రోజు పూజ, కొబ్బరికాయ, పిల్లలందరి పుస్తకాలకూ పసుపు కుంకుమ. ఇందులో మతం ఉందని నాకు ఏనాడూ తోచలేదు, చదువుల తల్లి అందరికీ తల్లే కదా అనుకున్నాను. ఏడెనిమిదేళ్ల కిందట క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చే ఆరో తరగతి అమ్మాయి, హారతి పళ్లెం తన వరుసకు వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మా సహోపాధ్యాయుడొకరు గట్టిగా కసిరారు. ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు, తల దించుకుని అలాగే నిలబడింది. కసిరిన ఆయన చెడ్డవాడు కాదు, పిల్లలకు సొంత డబ్బుతో పలకలు కొనిపెట్టే మనిషి. నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ తరువాత రాజ్యాంగం తీసి చదివాను. 28వ అధికరణం మొదటి ఖండం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండరాదు. మూడో ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ ఉన్న సంస్థలో ఏ విద్యార్థినీ, మైనరు అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనేటట్టు చేయరాదు. గోడ మీది పటం ‘బోధన’ కాదు కదా అని నేనూ నాకు సర్దిచెప్పుకున్నాను. తొలకరి గారు టెక్సాస్ కాగితం గురించి చెప్పిన మాటా సరిగ్గా అదే.

ఈ కథ మనకు అమెరికా నుంచి వచ్చినది కూడా కాదు. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు సర్కారు బడులలో బైబిలును పాఠ్యపుస్తకంగా పెట్టాలని ప్రతిపాదిస్తే, మద్రాసులోని హిందువులను కూడగట్టి సభలు పెట్టి ఎదిరించినది మన తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసు చెట్టి. ‘క్రెసెంట్’ పత్రిక నడిపినది ఆయనే. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను మరుసటి ఏడు తోసిపుచ్చారు. 1854 నాటి వుడ్ తాఖీదు సర్కారు విద్యాసంస్థల చదువు మతాతీతంగా ఉండాలని స్పష్టంగా రాసింది. మనం అల్పబలులమై ఉన్నప్పుడు ఏ సూత్రం చేతబట్టి నిలబడ్డామో, బలం వచ్చాక ఆ సూత్రాన్ని ఆ ఆరో తరగతి పిల్లకు కూడా ఇవ్వాలి.

కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడి, తమ విశ్వాసం కారణంగా గొంతు మాత్రం కలపలేదని 1985లో బడి నుంచి పంపేస్తే, 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసినవారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్త్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయవద్దని ఆయన ముగించారు. ఆ తీర్పులో ఆయన ఆధారంగా తీసుకున్న వాటిలో 1943 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, బార్నెట్ కేసు, ఒకటి. జెండాకు వందనం చేయమని పిల్లలను బలవంతపెట్టకూడదన్న కేసు అది.

ఇప్పుడు మా బడిలో హారతి పళ్లెం పిల్లల వరుసలోకి రాదు. ఇంట్లో పూజ చేసుకుని రండి అంటున్నాం. పటం మాత్రం ఇంకా ఉంది. దాన్ని దించే ధైర్యం నాకు లేదని ఒప్పుకుంటున్నాను. దించితే ఊరు ఎలా తీసుకుంటుందో నాకు తెలుసు.

గుండ్లకమ్మ (ఫోర్ట్ వర్త్) – 2025 సెప్టెంబరు 11

మాస్టారూ, మా అక్క అటువంటి వరుసలోనే నిలబడింది, వేరే ఊరిలో, వేరే బడిలో. మీరు రాసినందుకు నమస్కరిస్తున్నాను.

కొండారెడ్డి బురుజు (లియోన్, ఫ్రాన్సు) – 2025 సెప్టెంబరు 12

మాది కర్నూలు. పదకొండేళ్లుగా ఫ్రాన్సులో ఉంటున్నాను. చర్చ అంతా గోడ చుట్టూ తిరుగుతోంది కాబట్టి, పిల్లల ఒంటి మీది చిహ్నాల సంగతి కూడా చెప్పాలనిపించింది. ఈ రెండూ ఒకటే అనుకున్న దేశంలో నేను బతుకుతున్నాను.

1905 డిసెంబరు చట్టంతో ఫ్రాన్సు మతసంస్థలను రాజ్యం నుంచి విడదీసింది. (అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్, మొజెల్ ప్రాంతాలకు ఆ చట్టం వర్తించలేదు, అక్కడి ప్రభుత్వ బడులలో ఈనాటికీ మతబోధన తరగతులున్నాయి.) ప్రభుత్వ బడి గోడ మీద సిలువ ఉండదు, ఉపాధ్యాయులు మతచిహ్నం ధరించరు. ఇంతవరకు నాకు సంతోషమే. 2004 మార్చి 15 చట్టం మరో అడుగు వేసి, విద్యార్థులు కూడా కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు ధరించకూడదన్నది. తలగుడ్డ, యూదుల టోపీ, పెద్ద సిలువ అన్నీ అందులోకే వచ్చాయి. సిక్కు పిల్లల తలపాగాలు కూడా పోయాయి. 2023లో పొడవాటి అబాయా గౌనును కూడా చేర్చారు. మా అమ్మాయి బడి గేటు దగ్గర రోజూ తలగుడ్డ విప్పి సంచిలో పెట్టుకుని, సాయంత్రం గేటు దాటాక కట్టుకుంటుంది. అది చూస్తూ నిలబడడం ఎలా ఉంటుందో ఒక తల్లిగా మీకు చెప్పనక్కరలేదు.

గోడ ప్రభుత్వానిది, కాబట్టి గోడ ఏ మతాన్నీ పలకకూడదు. తల పిల్లది, ఆ తల మీద ఏముండాలో ప్రభుత్వం చెప్పకూడదు. ఈ రెండు మాటలూ ఒకే సూత్రంలోంచి వచ్చినవని నేను నమ్ముతాను. ఫ్రాన్సు మొదటిది పాటించి రెండోది మరిచింది. టెక్సాస్ రెండోది కొంత పాటిస్తూ మొదటిది మరుస్తోంది. 2010లో ఇదే ఐదో సర్క్యూట్ కోర్టు, టెక్సాస్‌లోని నీడ్‌విల్ అనే ఊళ్లో తన మతం ప్రకారం జుట్టు కత్తిరించుకోని ఆదివాసీ పసివాడి పక్షాన తీర్పు ఇచ్చింది. జడలు చొక్కా లోపల దాచుకోమన్న బడి నియమం చెల్లదన్నది. కర్ణాటక తలగుడ్డ కేసులో మన సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు 2022 అక్టోబరు 13న చెరొక తీర్పు ఇచ్చి పెద్ద ధర్మాసనానికి వదిలారు. ప్రతి ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాణ్ని నల్లబట్టలతో లోపలికి రానివ్వలేదని మన తెలుగు రాష్ట్రాలలో ఏదో ఒక బడి ముందు గొడవ జరుగుతూనే ఉంటుంది. ఆ పిల్లవాడి మాల పక్షాన నేను నిలబడతాను. అలా నిలబడేవారు మా అమ్మాయి తలగుడ్డ పక్షాన కూడా నిలబడాలని కోరుకుంటాను.

తొలకరి (హ్యూస్టన్) – 2025 సెప్టెంబరు 12

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. చుట్టం, ఇల్లు అన్న పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. ఇక్కడే పుట్టిన నా పిల్లలు ఈ ఇంటికి చుట్టాలు కారు. గుండ్లకమ్మ గారు చెప్పిన బాప్టిస్టుల చరిత్ర నాకు ఇంతకుముందు తెలియదు. అయినా ఒక సందేహం తీరలేదు. మతాన్ని గోడ మీద నుంచి పూర్తిగా తుడిచేస్తే, బడి మతం మీద మౌనంగా ఉన్నట్టా, లేక మతం అనవసరమని చెబుతున్నట్టా? నా పిల్లలు బైబిలు ఏమిటో, గీత ఏమిటో తెలియకుండా పెరగడం నాకు ఇష్టం లేదు.

న్యాయపథం (ఆస్టిన్) – 2025 సెప్టెంబరు 13

తొలకరి గారూ, మీ సందేహం న్యాయమైనది, కోర్టులు కూడా దాన్ని తోసిపుచ్చలేదు. 1962లో న్యూయార్క్ ప్రభుత్వం రాసిచ్చిన 22 మాటల ప్రార్థనను, 1963లో బడిలో భక్తిపూర్వక బైబిలు పఠనాన్ని కొట్టివేసిన సుప్రీంకోర్టే, బైబిలును సాహిత్యంగా, చరిత్రగా చదవడానికి అడ్డులేదని ఆ రెండో తీర్పులో రాసింది. భారత సుప్రీంకోర్టు కూడా 2002లో అరుణా రాయ్ కేసులో మతాల గురించి నేర్పడం వేరు, మతాన్ని నేర్పడం వేరు అన్న గీత గీసింది. సాంఘిక శాస్త్రం పాఠంలో పది ఆజ్ఞలు వస్తే ఉపాధ్యాయురాలు వివరిస్తుంది, పిల్లలు ప్రశ్నిస్తారు, పాఠం ముగుస్తుంది. ఏడాది పొడవునా వివరణ లేకుండా గోడ మీద ఉండే ఆజ్ఞకు ఆ అవకాశం లేదు. విద్యార్థులు తమంతట తాము ప్రార్థించుకోవచ్చు, బడి అయ్యాక మత సంఘాలు పెట్టుకోవచ్చు, 1984 నాటి ఫెడరల్ చట్టం హైస్కూళ్లలో ఆ హక్కు ఇచ్చింది. కాబట్టి మతాన్ని బడి నుంచి ఎవరూ తుడిచేయలేదు.

అయితే కోర్టులు ఎప్పుడూ మనకు అనుకూలంగానే ఉంటాయన్న భరోసా మాత్రం ఇవ్వలేను. 2005లో టెక్సాస్ శాసనసభ ఆవరణలోని ఆరడుగుల పది ఆజ్ఞల శిలను 5–4 తేడాతో సుప్రీంకోర్టు ఉండనిచ్చింది. నిర్ణాయకమైన ఓటు వేసిన జస్టిస్ బ్రేయర్ ఆ శిల ప్రభుత్వ బడిలో లేదన్న సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించి, పసి మనసుల ముందు ప్రభుత్వం మరింత జాగ్రత్తగా ఉండాలన్నారు. 2022లో, ఆట అయ్యాక మైదానంలో ప్రార్థించిన బ్రెమర్టన్ బడి ఫుట్‌బాల్ కోచ్ కేసులో 6–3 తేడాతో, మతం విషయంలో ప్రభుత్వ చర్యలను తూచే పాత కొలమానాన్ని వదిలేసి, ఇకపై చారిత్రక ఆచరణను బట్టి చూడాలన్నారు. లూసియానా, టెక్సాస్ ఈ చట్టాలను ధైర్యంగా చేసింది ఆ తీర్పు చూసుకునే. ఐదో సర్క్యూట్ పూర్తి ధర్మాసనం ముందుకు, ఆపైన సుప్రీంకోర్టుకు ఈ వివాదం చేరేలా ఉంది, స్టోన్ తీర్పు నిలుస్తుందో లేదో అక్కడ తేలుతుంది.

ఈలోగా ముంచుకొస్తున్నది మరొకటి. ఈ ఏడాదే చేసిన సెనేట్ బిల్లు 11 ప్రకారం, బడిలో ప్రార్థనకూ మతగ్రంథ పఠనానికీ ప్రత్యేక సమయం కేటాయించాలా వద్దా అన్నదాని మీద ప్రతి డిస్ట్రిక్టు బోర్డూ 2026 మార్చి 1 లోపల ఓటు వేయాలి. ఆ బోర్డు సభ్యులు మన ఓట్లతో ఎన్నికయ్యేవారే. బతుకమ్మకు, సంక్రాంతికి వేలమంది చేరే మన ఊళ్లలో బోర్డు సమావేశానికి నలుగురు తెలుగువారు కూడా రాకపోవడం నేను కళ్లారా చూశాను.

నందివర్ధనం (డాలస్) – 2025 సెప్టెంబరు 14

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మా చిన్ననాటి సర్కారు బడి ప్రార్థనలో మా పక్కింటి మస్తాన్ బీ ఎక్కడ నిలబడేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. గుర్తుకు రాలేదు. కాన్వెంటుకు మారకముందు నేను ఆ బడిలో మూడేళ్లు చదివాను, మూడేళ్లూ ఆమె నా వరుసలోనే ఉంది.

నిన్న మా అబ్బాయితో మాట్లాడాను. ఆ కాగితం మీద ఉన్నది కొందరికి చాలా పవిత్రమైన మాట అని, దాన్ని వెక్కిరించకూడదని, మన విగ్రహం మనకు పవిత్రమని, దానికి ఆ కాగితం నుంచి అనుమతి అక్కరలేదని చెప్పాను. వాడు ఆ కాగితంలోని ‘అడల్టరీ’ (వ్యభిచారం) అంటే ఏమిటని కూడా అడిగాడు. పదేళ్ల పిల్లవాడికి దానికి జవాబు చెప్పే సమయం నేను ఎంచుకోవలసింది, శాసనసభ కాదు. వాడి స్నేహితుడొకడు యూదుల పిల్లవాడు. వాళ్లింట్లో లెక్క వేరేగా ఉంటుందని గుండ్లకమ్మ గారు రాసినది చెబితే, ఇద్దరూ కూర్చుని రెండు వరుసలు పక్కపక్కన రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ గారితో మాట్లాడితే, ఆవిడ మర్యాదగానే విని, చట్టం తన చేతిలో లేదన్నారు. అది నిజమే. అందుకని బోర్డు సమావేశంలో మాట్లాడడానికి పేరు ఇచ్చాను. మూడు నిమిషాలు ఇస్తారట. ఆ కాగితాన్ని నేను అగౌరవపరచను, గీతను పక్కన పెట్టమని అడగను. కాన్వెంటు సంగతి, డాన్‌బరీ ఉత్తరం సంగతి చెబుతాను, సెనేట్ బిల్లు 11 మీద వద్దని ఓటు వేయమని అడుగుతాను. గుండ్లకమ్మ గారు తమ డిస్ట్రిక్టు కాకపోయినా వచ్చి పక్కన కూర్చుంటానన్నారు. సమావేశం 22వ తేదీ సోమవారం సాయంత్రం. చుట్టుపక్కల ఉన్నవారు ఎవరైనా రాగలిగితే ఇక్కడే తెలియజేయండి, కారులో ఇంకా ముగ్గురికి చోటుంది.